ఎనిమిది పత్తాల సందు

చెయ్యి తీయను. ఇంటర్వెల్ గంట కొట్టేదాకా దీని మీది నుంచి చెయ్యి తీసేది లేదని ముత్తయ్య సేటు ముఖం మీదే చెప్పాను, చెప్పాక తీస్తే ఇక నేను కుబ్రాను ఎట్లా అవుతాను. మూడు గంటల ఆట మొదలై పది నిమిషాలైంది. గోడకు అవతల న్యూస్ రీలు నడుస్తోంది, ఏదో కాలువకు గేట్లెత్తుతున్నారు కాబోలు, చెప్పేవాడి గొంతు ఉప్పొంగిపోతోంది. గోడకు ఇవతల, క్యాబిన్ మెట్ల కింద, ఈ రేకుల కొట్టంలో ముక్కాలి పీట మీద నేను, నా ఎదురుగా నా చోకు, కరెంటుకు కళ్లెం వేసే తీగచుట్ట. ఇద్దరు మోయాల్సిన బరువు. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ పొట్ట చీల్చి తీసిన ఇనుప రేకులు పేర్చి, వాటి చుట్టూ ధనియపు గింజంత లావు రాగి తీగ రెండు వందల పది చుట్లు చుట్టాను, ఈ చేతులతోనే. సుల్తానాబాద్‌లో ఒక ఆడది చుట్టిన చోకు మీద బొమ్మ ఆడడం ఇదే మొదలు. జిల్లాలోనే మొదలై ఉంటుంది, కాకపోతే నాకు చెప్పకండి. టాకీసు ముత్తయ్య సేటుది, మాట కూడా ఆయనదే. "సూడు కుబ్రమ్మా, ఇంటర్వెల్ దాక బొమ్మ నడిమిట్ల ఒక్కసారి ఆగకపోతే గోలెం నేనే పలగ్గొడుత. ఆగిందనుకో, రేపటి సంది మళ్ల గోలెమే. గప్పుడు నన్ను అడగొద్దు." అడగను సేటూ, అడిగే అవసరం నాకు రాదు. వస్తే మాత్రం ఆ గోలెం పక్కన నిలబడాల్సింది ఈ టాకీసు ఆపరేటరు, మా ఆయన అజీముద్దీన్. ఆ చేతులు ఇంకోసారి కాలితే వేళ్లు మిగలవని కరీంనగర్ ఆసుపత్రి డాక్టరు నా ముందే చెప్పాడు.

అదిగో మట్టి గోలెం, ఆ మూలన, కొత్తది, నిండా ఉప్పునీళ్లతో సిద్ధంగా కూర్చుంది, నా చోకు ఎప్పుడు చస్తుందా అని చూస్తున్నట్టు. తెర మీద తెల్లని వెలుగు ఊరికే రాదు. పైన క్యాబిన్‌లో రెండు బొగ్గు కడ్డీల కొసలు దగ్గర చేసి కరెంటు ఇస్తే మధ్యన మెరుపు లేస్తుంది, ఆ మెరుపు వెలుతురే బొమ్మ. ఆ మెరుపుకు ఆకలెక్కువ. తీగలు తిన్నగా కలిపితే బజారు కరెంటంతా ఒక్క గుక్కలో తాగి ఫ్యూజులు మాడ్చి పెడుతుంది. మధ్యలో ఎవరో ఒకరు అడ్డం నిలబడి, ఇంతే, ఇంతకు మించి లేదు పో అనాలి. ఇన్నేళ్లూ ఆ పని ఉప్పునీళ్లు చేశాయి. గోలెంలో రెండు ఇనుప పలకలు వేలాడుతుంటాయి, కట్టెపిడి పట్టుకుని పలకను దించితే కరెంటు ఎక్కువ, లేపితే తక్కువ. పావుగంటలో నీళ్లు కుతకుతా ఉడుకుతాయి, ఆట అయ్యేసరికి కొట్టమంతా ఆవిరి, గోడలకు ఉప్పు పేరుకుని ఉంటుంది. పోయిన ఎండాకాలం ఒక ఆదివారం ఆటలో గోలెం నిలువునా పగిలింది. ఉడుకు నీళ్లు కారిపోతుంటే, బొమ్మ ఆగిపోతుందని మా ఆయన, ఈ పెద్దమనిషి, పలకను కిందికి, ఇంకా కిందికి తోసి పట్టుకున్నాడు, రెండు చేతుల మీద నుంచి సలసలా నీళ్లు పోతున్నా సరే. తెర మీద హీరోయిన్ ఏడుపు పూర్తయ్యేదాకా పట్టుకున్నాడు. ఆ ఏడుపు ఎంతసేపో నాకు తెలుసు, ఆ బొమ్మ రెండుసార్లు చూశాను. జనం చప్పట్లు కొట్టి ఇళ్లకు పోయారు. మాకు మిగిలింది తోలు ఊడిన రెండు చేతులు. తోలు మళ్లీ వచ్చింది, కానీ బిగుసుకుని వచ్చింది. వేళ్ల కొసలతో రీలు ఎక్కిస్తాడు, కడ్డీలు మారుస్తాడు, అంతే. పిడికిలి ముడుచుకోదు. ఎనిమిది నెలలుగా ఆయన చొక్కా గుండీలు నేను పెడతాను, పైజామా నాడా నేను కడతాను, రొట్టె నేను తుంచుతాను. డాక్టరు రోజూ వేళ్లు ముడిచి విప్పుతూ ఉండమన్నాడు. రెండు రోజులు చేసి, నాతోని కాదు కుబ్రా అని మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. నేను చూడకుండా ఏడ్చాననుకున్నాడు. చూశాను.

అందుకని చోకు. ఆకాశం నుంచి ఊడిపడలేదు, నాకు తెలిసిన పని ఇది. మా అబ్బా ఫజలుద్దీన్‌కు కరీంనగర్‌లో మోటార్ల వైండింగ్ దుకాణం ఉండేది. మగపిల్లలు లేరు, ఉన్నది నేను. ఆయన తీగ తిప్పుతుంటే చుట్టుకొక చింతగింజ గిన్నెలో వేయడం నా పని. ఎనిమిదేళ్లు వచ్చేసరికి గింజలు అక్కర్లేకుండా పోయాయి, ఎవరితో ఏం మాట్లాడుతున్నా లోపల లెక్క దాని మానాన అది నడుస్తుంది. ఇప్పటికీ అంతే, రొట్టెలు చేస్తూ అప్పడాల కర్ర తిప్పినవి లెక్కపెడతాను, నిఖా రోజున ఖాజీ సాబు ఎన్నిసార్లు దగ్గాడో కూడా నాకు గుర్తే, పదిహేడు. పోలీస్ యాక్షన్ అయిన ఏడు నాకు పదకొండేళ్లు. రాగి తీగ చుట్టలన్నీ బియ్యం కుండలో అడుగున దాచి, దుకాణం మూసి, బండి కట్టించుకుని ఖానాపూర్‌లో మేనత్త ఇంటికి పోయాం. పెద్దవాళ్లు తలుపులేసుకుని గుసగుసలాడుకునేవాళ్లు. అబ్బా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక పాత మేకు చుట్టూ తీగ చుట్టించాడు, విప్పించాడు, మళ్లీ చుట్టించాడు, నెల రోజులు అదే. తిరిగి వచ్చి చూస్తే కుండలో బియ్యం పోయాయి, తీగ ఉంది. రాగి విలువ తెలియని దొంగ బిడ్డా, పాపం ఆకలి మీదున్నడు అని అబ్బా పడీ పడీ నవ్వాడు. భయపడే చోట నవ్వడం నాకు ఆయన ఇచ్చిపోయిన ఆస్తి. ఈ ముత్తయ్య సేటు ముందు, ఆ లైన్‌మన్ వెంకటి ముందు నేను నవ్విన నవ్వంతా ఆయనదే.

వెంకటి నవ్వు మాత్రం వెంకటిదే, ఒట్టి వెకిలి నవ్వు. మంగళవారం వచ్చి చోకు చుట్టూ తిరిగి చూశాడు. "గీ సందేంది కుబ్రక్క? రెండు దిక్కుల సందు పెట్టినవ్. ఇనుము ఇనుముకు ఆనాలె గదా, జర గట్టిగ బిగియ్యి" అన్నాడు. కరెంటాఫీసులో పదేళ్లుగా ఉన్నాడు, స్తంభం ఎక్కడం తప్ప మరేం తెలియదు. చోకుకు రెండు నిలువు కాళ్లు, వాటి నెత్తిన ఒక అడ్డ దూలం, అంతా ఇనుప రేకులే. దూలం కాళ్లకు తగిలితే చోకు పీనాసి అవుతుంది, కరెంటును పోనివ్వదు, గొంతు పిసికి పట్టుకుంటుంది. దూలానికీ కాలికీ మధ్య కాస్త సందు విడిస్తే కాస్త వదులుతుంది, ఇంకా విడిస్తే ఇంకా వదులుతుంది. సందులోనే ఉంది కిటుకంతా. నీళ్ల గొట్టం అయితే సందుంటే కారిపోతుంది కాబట్టి అందరూ అదే అనుకుంటారు, సందు అంటే తప్పు అని. అబ్బా చెప్పిన మాట, సందులో ఏదైనా పెట్టుకో బిడ్డా, కట్టె పెట్టు, తోలు పెట్టు, కాగితం పెట్టు, ఇనుము మాత్రం పెట్టకు. నేను పత్తాలు పెట్టాను. పేకముక్కలు, అవును. నవ్వితే నవ్వండి. ఒక పత్తా మందం ఇంకో పత్తాకు వెంట్రుక తేడా రాదు, అట్ట అయితే ఒక మూల లావు ఒక మూల సన్నం. గేటు దగ్గర టికెట్లు చింపే హనుమండ్లు దగ్గర మూడు ముక్కలు పోయిన కట్ట ఒకటి ఉంటే అడుక్కొచ్చాను. కాలికొక పత్తా పెట్టి వెలిగిస్తే మెరుపు లేవనే లేదు. రెండు, మూడు, నాలుగు, దీపం బుడ్డిలాగా పచ్చగా. ఆరుకు కాస్త కళ వచ్చింది. ఎనిమిదికి తెర మీద పాల తెలుపు. తొమ్మిది పెడితే కడ్డీలు గబగబా తరిగిపోయాయి. ఎనిమిదే. కుడికాలి మీద ఎనిమిది, ఎడమకాలి మీద ఎనిమిది. మిగతా ముక్కలు హనుమండ్లుకు తిరిగిచ్చేశాను. బుధవారం గంటసేపు వెలిగించి చూశాం, అర్ధగంటకు ఇనుము పెనం మీద నుంచి తీసి గుడ్డలో చుట్టిన రొట్టెలాగా వెచ్చబడింది, గుయ్యిమని నిండుగా మోగింది. పత్తాలని మాత్రం మా ఆయనకు చెప్పలేదు, అట్టముక్కలన్నాను. ఎందుకంటే మా కూతురు షాహిదా పుట్టిన రోజున ఈయన పత్తాలాటలో కూర్చుని రెండు రోజులు ఇంటి ముఖం చూడలేదు. వచ్చి పాప ముఖం చూసి, ఇక జన్మలో పత్తా ముట్టను, నా నీడన పత్తా ఉండదు అని ఖురాన్ మీద చెయ్యి పెట్టి ఒట్టేసుకున్నాడు. స్విచ్చి వేసేముందు బిస్మిల్లా అనందే వేలు కదపని మనిషి, ఆ మాట అనుకుని వేసే కరెంటు ఇస్పేటు రాణి మీదుగా పోతుందని తెలిస్తే ఊరుకుంటాడా.

న్యూస్ రీలు అయిపోయింది, బొమ్మ మొదలైంది, పేర్లు పడుతున్నట్టున్నాయి, సన్నాయి వినబడుతోంది. చెయ్యి కింద ఇనుము చల్లగా ఉంది. అదీ పనితనమంటే. ఇదే ఉప్పునీళ్లయితే ఈపాటికి బుడగలు లేచేవి, ఆవిరికి నా కళ్లు మండేవి, ఇప్పుడు చూడు, హాయిగా కూర్చుని పాన్ నములుతున్నాను. ఇరవై నిమిషాలు దాటినా గోరువెచ్చ కూడా కాలేదు. మోత కూడా ఎంత బుద్ధిగా ఉంది, బుధవారం దున్నపోతులా రంకె వేసింది, ఇవాళ తుమ్మెదలాగా సన్నగా. కొత్త కోడలు మొదటి రోజు మాట్లాడినట్టు. అబ్బా ఉంటే, వార్నీషు బాగా పట్టింది బిడ్డా అనేవాడు. ముత్తయ్య సేటు సాయంత్రం గోలెం పగలగొడతాడు, నేను చూస్తాను, షాహిదాను కూడా పిలిపించి చూపిస్తాను, చూడవే మీ బాబా చేతులు తిన్న రాక్షసిని అని. ఇరవై రెండు నిమిషాలు. ఇంకా చల్లగానే ఉంది. వార్నీషు పట్టడానికీ ఇనుము చల్లగా ఉండడానికీ సంబంధం ఏమిటి? కరెంటు పోతుంటే రాగి వెచ్చబడి తీరాలి, చలికాలమైనా సరే, ఎవరు చుట్టినా సరే. చల్లగా ఉందంటే పోవాల్సినంత పోవడం లేదు. అట్లా అనుకున్నానో లేదో గోడ అవతల మొదటి ఈల పడింది. "ఏ ఆపరేటర్, బత్తి పెంచురా బై! మొకాలు కనవడ్తలేవు!" దాని వెనక పది ఈలలు, బెంచీల మీద దబదబా చేతులు. నోట్లో పాన్ అట్లాగే ఆగిపోయింది.

ముత్తయ్య సేటు తలుపు తోసుకుని వచ్చాడు. చోకు వైపు చూడలేదు, నేరుగా గోలెం దగ్గరికి పోయి కట్టెపిడి సరిగా ఉందో లేదో కదిపి చూశాడు. "బొమ్మ పచ్చగ గొడుతుంది కుబ్రమ్మా. పొగల నుంచి చూసినట్టున్నది. జనం లేచి పోతుండ్రు" అన్నాడు. నా నోరు నన్ను ఎన్నడూ ఒంటరిని చేయలేదు. "కడ్డీలకు నెమ్ము పట్టింది సేటూ. గీ రీలు కానియ్యి, కడ్డీలు మారిస్తే తెల్లగైతది. బొమ్మ ఆగిందా? ఆగలే కదా. ఆగితె గదా మాట" అన్నాను. ఆయన ముక్కుతో ఒక గాలి వదిలి, గుమ్మంలో నిలబడి బీడీ ముట్టించుకుని, రీలు దాక చూస్త అని హాల్లోకి పోయాడు. పైన క్యాబిన్‌లో మా ఆయన అడుగులు వినబడుతున్నాయి, అటు రెండు ఇటు రెండు. కడ్డీలు దగ్గరికి జరుపుతున్నాడు, ఆరిపోతే మళ్లీ అంటిద్దామని కాచుకుని ఉన్నాడు, ఆయన ఒళ్లంతా చెమట పట్టి ఉంటుంది, చెమట పడితే ఆ కొత్త తోలు మండుతుంది. మెరుపు ఏ క్షణానైనా ఆరుతుంది. కరెంటు ఎందుకు తగ్గింది? బజారులో తగ్గితే ఈ కొట్టంలో బల్బు కూడా తగ్గాలి, అది నిక్షేపంలా ఉంది. తీగ మారలేదు, రెండు వందల పది రెండు వందల పదే. మారగలిగింది ఒక్కటే. చెయ్యి తీయనన్నాను కదా, ఎడమ చెయ్యి దాని మీదే ఉంచి, కుడి చేత్తో తలలో పిన్ను లాగి వంగి చూశాను. ఎడమ కాలి మీద నా పత్తాల అంచులు, తెల్లగా, ఎనిమిది. కుడి కాలి మీద తెలుపు లేదు. పిన్నుతో గీస్తే టింగుమంది.

రేకు. కిరోసిన్ డబ్బా రేకు. చక్కగా కత్తిరించి, నా పత్తాలకు ఎంత కొలతో అంత కొలత, ఎనిమిదికి ఎనిమిది, ఒకదాని మీద ఒకటి పేర్చి, నట్లు బిగించి. మూయమన్నందుకు నేను వెంకటిని తిట్టుకున్న సందును ఎవరో ఇనుముతోనే నింపేశారు. నా నోటి నుంచి తిట్టు వచ్చేదే, తలుపు దగ్గర హనుమండ్లు చాయ్ గ్లాసుతో నిలబడి ఉన్నాడు. "ఏమైంది అక్కా, గట్ల సూస్తున్నవ్?" అన్నాడు. ఈ కొట్టంలోకి ఎవరు వచ్చారు అని అడిగాను. "ఎవ్వలు రాలే. పొద్దుగాల మీ ఆయననే వచ్చిండు, తలుపేసుకొని శానసేపు ఉన్నడు. పోంగ పోంగ నా పత్తాలు నాకిచ్చిపోయిండు, గివి మిషన్ల ఉండొద్దు హనుమండ్లు అన్నడు. ఎనిమిదే ఉన్నయి, ఇంకెనిమిది యాడివాయె అక్కా?" ఇంకెనిమిది ఎడమ పక్కన ఉన్నాయి నాయనా, గోడ వైపు మరుగున ఉండి ఆయన కంట పడనివి. పొద్దున ఆయన తాళంచెవి అడిగాడు, దుమ్ము తుడిచి వస్త అన్నాడు. నేను పెరుగు చిలుకుతూ పొమ్మన్నాను. జుమ్మా నమాజు వేళ దాకా రాలేదు, వచ్చి రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని గుమ్మంలో నిలబడి నన్ను చూసి ఊరికే నవ్వాడు. ఎన్ని నెలలకు నవ్వాడో అని నేను మురిసిపోయాను, ఎందుకు నవ్వుతున్నావని అడిగానా? అడగలేదు. ఈ నవ్వు ఇదన్నమాట. తుడుస్తుంటే పత్తా మీది ఏ రాజు ముఖమో తొంగి చూసి ఉంటుంది. ఒట్టు తప్పలేడు, నన్ను తిట్టలేడు, అందుకని కూర్చుని తన చేత్తో రేకులు చేశాడు, అట్టకంటే రేకు మంచిది, మాడదు, నలగదు అనుకున్నాడు. మందం సరిపోయింది కదా అనుకున్నాడు. నిన్ను ఏం చేయాలి అజీముద్దీన్, నీ మంచితనం తగలెయ్య, రేపటి నుంచి మళ్లీ గోలెం పక్కన నిలబడాలని ఉందా నీకు.

తిట్టుకోవడానికి తర్వాత చాలా టైముంది. రీలు అవుతోంది, పైన మిషను టకటక శబ్దం మారుతోంది. ఒకటే మిషను కాబట్టి రీలు మారేటప్పుడు రెండు మూడు నిమిషాలు తెర చీకటి, జనానికి అలవాటే, దానిని ఆగడమని ఎవరూ అనరు, ముత్తయ్య సేటు కూడా అనడు. "హనుమండ్లన్నా, ఉరుకు. పైకి పోయి కొత్త కడ్డీలు ఎక్కియ్యమను, నేను గోడ మీద కొట్టేదాక స్విచ్చి ఎయ్యొద్దని చెప్పు. ఎందుకని అడిగితే నాకు తెల్వదను. నీ పత్తాలేవి?" అన్నాను. ఇంట్ల ఉన్నయి అక్కా అన్నాడు. ఇల్లు స్టేషను దగ్గర. పత్తాలు పోనీ, మళ్లీ ఆయన కంట పడతాయి కూడా. కట్టె పెట్టు బిడ్డా, తోలు పెట్టు, కాగితం పెట్టు. కట్టె ఎక్కడుంది ఇంత పలుచనిది. హనుమండ్లు జేబు ఉబ్బెత్తుగా కనబడింది, గేటు పక్కన బీడీలు అగ్గిపెట్టెలు అమ్ముకుంటాడు. "అగ్గిపెట్టెలు ఇటియ్యి, ఉన్నన్ని." ఇచ్చి పరుగెత్తాడు. పుల్లలు నేల మీద దూరంగా కుమ్మరించాను, పెట్టెల నీలం కాగితం పరపరా పీకాను, అడుగున పలుచని చెక్క, ఎంత చక్కగా కోసి ఉంది. పైన మిషను ఆగింది. హాల్లో దీపాలు వెలిగాయి, జనం గోల. చోకు మోత ఆగింది. కొట్టంలో స్విచ్చి కూడా లాగేశాను, చెయ్యి తీయనన్న మాట అప్పుడొక్కసారి తప్పాను, అల్లా మాఫ్ చేస్తాడు. పానాతో కుడి నట్టు వదులు చేశాను, ఒక చుట్టు, రెండు, మూడు, దూలం కింద ఒక పెద్ద మేకు దూర్చి ఎత్తి, రేకులు ఎనిమిదీ ఒక్క గుంజులో లాగి కొంగులో మూట కట్టాను. చెక్కలు రెండు పక్కపక్కన, వాటి మీద రెండు, వాటి మీద రెండు. దూలం దించి ఎడమ పక్క పత్తాల ఎత్తుతో కంటితో సరిచూశాను. వెంట్రుకవాసి తక్కువుంది. ఇంకో వరుస. సరిపోయింది. నట్టు బిగిస్తుంటే అవతల ఈలలు మొదలయ్యాయి, ముత్తయ్య సేటు దగ్గు తలుపు దాకా వచ్చింది. స్విచ్చి వేశాను. పానాతో గోడ మీద రెండు దెబ్బలు కొట్టాను.

గుయ్యిమంది. తుమ్మెద కాదు, నా బుధవారం దున్నపోతు. అవతల హాలంతా ఒక్కసారి హా అంది, గోడ పైన రేకు చిల్లులోంచి తెల్లని గీత ఒకటి వచ్చి గోలెం మీద పడింది, అంత తెలుపు. ముత్తయ్య సేటు గుమ్మంలోకి తల పెట్టి, కింద కుప్పపోసిన అగ్గిపుల్లలు చూసి, నా ముఖం చూసి, ఏమీ అడగకుండా తల తీసుకున్నాడు. తెలివైనవాడు. నేను పీట మీద కూర్చుని చెయ్యి మళ్లీ ఇనుము మీద పెట్టాను. వెచ్చబడుతోంది, నెమ్మదిగా, న్యాయంగా. మిగతా రీళ్లు ఎట్లా నడిచాయో నాకు తెలుసు, ఒక్కో పాటకు జనం ఎట్లా ఊగారో గోడ చెప్పింది. కోపం మాత్రం ఇనుముతో పాటే వేడెక్కింది. రానీ, కిందికి రానీ, ఇంటర్వెల్‌లో దులిపేస్తాను. నలభై మంది ముందైనా సరే దులిపేస్తాను. నన్ను అడిగితే నోటి ముత్యాలు రాలిపోతాయా ఈ మనిషికి.

గంట కొట్టారు. ముత్తయ్య సేటు ముందు, మా ఆయన వెనక, మెట్లు దిగి వచ్చారు. సేటు మాటకు కట్టుబడినవాడే, బండరాయి తెప్పించి గోలెం మీద తానే ఒక్కటి వేశాడు, ఉప్పునీళ్లు కొట్టమంతా పారి నా చెప్పులు తడిశాయి. చల్లగా ఉన్నాయి నీళ్లు. "నీ పెండ్లాం గట్టిది అజీం భాయ్" అని సేటు అన్నాడు. ఈయన చేతులు జేబుల్లోంచి తీయకుండా, పొద్దుటి నవ్వే నవ్వుతూ, "నేను గూడ జర చెయ్యేసిన సేటూ" అన్నాడు. నాలుక చివరకు వచ్చిన మాటను పళ్లతో పట్టుకున్నాను. అవును సేటూ, ఏసిండు అన్నాను. సేటు పోయేదాకా ఆగి, తలుపు దగ్గరికి వేసి, కొంగు మూట విప్పి రేకులు ఆయన ముందు పట్టాను. "ఇది ఇనుము జీ. సందుల ఇనుము పెడితె సందెక్కడుంటది? బొమ్మ ఆరిపోయేటిది తెలుసా నీకు? నీ చేతులు పోయేటియి!" ఆయన ముఖంలో నవ్వు ఒక్కసారిగా ఆరింది. రేకుల వైపు చూశాడు, చోకు వైపు చూశాడు, ఆపరేటరు కదా, క్షణంలో తెలిసిపోయింది. "నేనే చెడగొట్టిన్నా కుబ్రా?" అన్నాడు, చాలా మెల్లగా.

అవును నువ్వే అనబోయాను. అప్పుడు నా వేళ్లు చూసుకున్నాను. చూసుకోకుండా, తొందరలో, కిరోసిన్ డబ్బా రేకులు ఎనిమిది ఒక్క గుంజులో లాగాను, గంటసేపు కొంగులో పిసికాను. డబ్బా రేకు కోస్తే కత్తిలాగా కోస్తుంది, ఇంట్లో ఎన్నిసార్లు నెత్తురు చూశానో. ఇప్పుడు ఒక్క గీత లేదు. రేకు అంచు మీద బొటనవేలు నడిపాను. నున్నగా ఉంది. మూలలు గుండ్రంగా ఉన్నాయి, ఎనిమిదింటికీ, ముప్పై రెండు మూలలు, ఒక్కొక్కటీ రాకి, అరగదీసి, ఎక్కడా చెయ్యి జారిన గీత కూడా లేదు. "గీ అంచులెవరు రాకిండ్రు?" అన్నాను. "నేనే. నువ్వు తీసి పెట్టేటప్పుడు నీ వేళ్లు కోసుకుంటయని." "దేంతోని రాకినవ్?" "ఆకురాయితోని." ఆకురాయి పిడి పిడికిట్లో ఇముడ్చుకోకుండా రాకడం కుదరదు. పిడికిట్లో పట్టుకుని, నొక్కి, తోయాలి. గంట, రెండు గంటలు, జుమ్మా వేళ దాకా. అన్నం కూడా నేనే కలిపి పెట్టాల్సి వచ్చిన చెయ్యి. అప్పటిదాకా ఆయన కూడా ఆ మాట ఆలోచించినట్టు లేదు, జేబులోంచి కుడి చెయ్యి తీసి ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు. బొబ్బలు ఉన్నాయి, కొత్తవి, పని చేసిన బొబ్బలు. రేకులు ఆ అరచేతిలో పెట్టాను. "మూయి" అన్నాను. నాకు కళ్లు కనబడడం లేదు, నీళ్లు అడ్డం వచ్చాయి, ముక్కు కొంగుతో తుడుచుకున్నాను. ఆయన వేళ్లు ఒక్కొక్కటే రేకుల మీదికి ముడుచుకున్నాయి, చిటికెన వేలు అన్నిటికంటే వెనక వచ్చింది. బయటికి కనబడుతున్న రేకు కొసను పట్టుకుని నేను లాగాను. గట్టిగా లాగాను. రాలేదు.